లక్కూరు నోరు తెరిచిన పూట

లక్కూరు మొదటి వీధి మొదట్లో విజయేంద్ర నిలబడి చెవి ఒగ్గాడని, ఆ చెవికి ఏమీ వినపడలేదని పోయిన వారం చెప్పుకున్నాం. ఆయన ఇంకా ఆ వీధిలోనే ఉన్నాడు. ఆయన చెవికి ఇంకా ఏమీ వినపడలేదు.

కొత్తగా వచ్చిన పాఠకులకు రెండు ముక్కలు. బూదికోటలో నలుగురు ఆడవాళ్ళు ఒక పాత టేపురికార్డరు, స్తంభాలకు కట్టిన స్పీకర్లు పెట్టుకుని మొదలెట్టిన రేడియో ‘మన్నుమాట’. ఊరు నవ్వింది. మొగుళ్ళు తిట్టారు. రేడియో మాత్రం ఆగలేదు. బంగారు గనులు మూతపడి, సైరను మూగబోయిన మారికుప్పంలో రెండో స్టేషను లేచింది. అక్కడ తమిళం, ఇక్కడ తెలుగు, రెంటికీ నడుమ కన్నడం. పొద్దున్నే బెంగళూరు రైలెక్కే జనం ఆ రేడియోనే చెవిలో పెట్టుకుని కునుకు తీస్తారు. ఇప్పుడు మూడోది, మాలూరు తాలూకా లక్కూరులో. మూడు చోట్ల నిలబడితే కోలారు జిల్లాకు సొంత ప్రజా రేడియో అని అనుమతి వస్తుంది. నిలబడకపోతే ఉన్న రెండూ బెంగళూరుకు తోకలవుతాయి. అక్కడివాళ్ళు పంపిన పాట వేయాలి, అక్కడివాళ్ళు రాసిన వార్త చదవాలి. తేల్చేది ఈ పూటే. అనుమతులిచ్చే కమిటీ తరఫున తేల్చడానికి వచ్చినవాడు విజయేంద్ర.

ఆ నలుగురు ఆడవాళ్ళలో ఈనాటికీ మైకు వదలనిది మునివెంకటమ్మ. ఆమె ఇప్పుడు విజయేంద్ర పక్కన, నోరు మూసుకుని నడుస్తోంది. ఊరివాళ్ళ దగ్గర నోరు మూసుకోవాలన్నది షరతు. పొద్దున రేడియో మనుషులెవరూ ఊళ్ళో తిరగకూడదు, ఎవరికీ ఫోను చేయకూడదు, ఎవరినీ ఏమీ అడగకూడదు. గాలిలో ఏం పంపుకుంటారో పంపుకోవచ్చు. ఆమె ఫోను విజయేంద్ర భుజాన ఉన్న సంచిలో ఉంది. ఒప్పుకున్నది ఆమే. ఒప్పుకున్నందుకు ఇప్పుడు పళ్ళు కొరుక్కుంటున్నదీ ఆమే.

వీధి అద్దంలా ఉంది. ప్రతి గడప ముందూ కళ్ళాపి, ముగ్గు. పండగ కాదు, పబ్బం కాదు. మేకలను కట్టేశారు. అరుగుల మీద మగవాళ్ళు ఉతికిన చొక్కాలు తొడుక్కుని కూర్చున్నారు. వీళ్ళు దగ్గరికి రాగానే లేచి నిలబడి దండం పెడుతున్నారు. అంతా బాగుంది. ఒక్క ఇంట్లోనూ రేడియో మోగడం లేదు.

విజయేంద్రతో వచ్చిన ఇంజనీరు పిల్ల సుప్రీత చేతిలో చిన్న యంత్రం పట్టుకుని నడుస్తోంది. "సిగ్నల్ ఫుల్లుగా ఉంది సార్. వీధి చివర గూడా ఇదే ఉంటాది," అంది.

"గాలిలో ఉందమ్మా. వినే చెవి యాడుంది?" అన్నాడు విజయేంద్ర. ఆయనది కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టిన గుమాస్తాల కుటుంబం. బెంగళూరులో ముప్పావు జీవితం గడిపినా మాటలో ఊరి యాస పోలేదు. పోయినవి వేరే ఉన్నాయి. "నేను కమిటీలో మొదట్నుంచీ చెప్తానే ఉన్నాను మునివెంకటమ్మగారూ. ఈ కాలంలో పల్లెల్లో గూడా రేడియో ఎవురు వింటారు? అందరి చేతుల్లో ఫోను."

"మల్బరీ ఆకు కోసే చెయ్యి ఫోను గీకలేదు సార్," అంది మునివెంకటమ్మ.

"కోసే చేతికి రేడియో వినపడాల గదా. వినపడలేదే."

అరుగు మీద లేచి నిలబడిన రామాంజినప్పను ఆయనే అడిగాడు. "ఏమప్పా, మీ ఇంట్లో రేడియో వింటారా?"

రామాంజినప్ప తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మాకేం రేడియో సామీ! మట్టి పిసుక్కునేవాళ్ళం. మీబోటి పెద్దోళ్ళు వాకిట్లోకి వచ్చినప్పుడు రేడియో మాటెందుకు? లోపలికి రాండి, మజ్జిగ తాగి పోదురు."

విజయేంద్ర మునివెంకటమ్మ వైపు తిరిగి చూశాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ చూపు ఆమెకు కొత్త కాదు. మన్నుమాట పసిబిడ్డగా ఉన్నప్పుడు, ఆడవాళ్ళకు మైకు ముందు మాట్లాడటం నేర్పడానికి ఈ మనిషే బూదికోటకు వచ్చాడు. ఆమె గొంతు విని, "ఈ గొంతు పొలంలో పిలవడానికి పనికొస్తుంది. మైకుకు కాదు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కారెక్కి వెళ్ళిపోయి ఆ మాట మరిచిపోయాడు. మునివెంకటమ్మ మరిచిపోయే మనిషి కాదు. క్షమించే మనిషి అసలే కాదు.

వీధి చివరి ఇళ్ళు వచ్చాయి. విజయేంద్ర సంచిలోంచి ఆమె ఫోను తీసి ఇవ్వబోయాడు. అంటే పని అయిపోయిందని అర్థం.

సరిగ్గా అప్పుడు రెండిళ్ళ మధ్య సందులోంచి ఒకామె పరుగులాంటి నడకతో బయటికొచ్చింది. కొంగు నడుముకు దోపి ఉంది. చేతులు ఆకు పసరుతో పచ్చగా ఉన్నాయి. పాదాలు సున్నపు నీళ్ళలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి. ఆఫీసర్లు ఆమె కంటికి ఆనలేదు.

"యాక్కా! నువ్వు మునివెంకటమ్మక్కవే గదా? ఫోటోలో చూసినాను. రేడియోలో ఆ పిల్లకు నోరు పడిపోయిందా ఏమి? పొద్దున్నుంచీ అదే పాట, అదే పాట! తిప్పి తిప్పి వేస్తా ఉండాది. మా పట్టుపురుగుకు గూడా ఆ పాట నోటికొచ్చేసింది. వానొస్తాదా రాదా చెప్పాలా వద్దా? ఆకు కోసి పెట్టుకోవాలంటే ఎట్ల?"

మునివెంకటమ్మ కదలకుండా నిలబడింది. విజయేంద్ర చేతిలో ఫోను అక్కడే ఆగింది.

"నీ పేరేమమ్మా?" అన్నాడాయన.

ఆమె అప్పుడు చూసింది. గబుక్కున కొంగు విప్పి భుజాన వేసుకుంది. "సొన్నమ్మ సామీ."

"ఏ పాట వేస్తా ఉన్నారు? యాడ విన్నావు? ఈ ఇండ్లన్నీ దాటే వచ్చినాము. నిశ్శబ్దంగా ఉందే."

"అది నడవలో ఉండే రేడియో సామీ. మీరొస్తా ఉండారని కట్టేసినాము. పెద్దోళ్ళు వాకిట్లోకి వస్తే రేడియో వాగతా ఉంటే బాగుంటాదా? వీధంతా కట్టేసినారు. నేను చెప్పేది పురుగుల ఇంట్లోది. వెనకాల. ఆడికి ఎవురొస్తారు, మర్యాదకు కట్టేసేకి?"

"మేము వస్తామని మీకెవురు చెప్పినారు?"

సొన్నమ్మ ఆయన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఎవురు చెప్పేదేముండాది? రేడియోనే చెప్పె. పొద్దున ఆ పిల్ల చైత్ర చెప్పె. పెద్దోళ్ళు వస్తా ఉండారు, వాకిళ్ళు ఊడ్చి మర్యాదగా ఉండండని."

సుప్రీత పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది. ఆపుకోలేకపోయింది.

మునివెంకటమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట చైత్ర చేత చెప్పించింది తనే. ఊరు మంచిగా కనపడాలని చెప్పించింది. ఊరు విన్నది. విన్నది విన్నట్టు చేసింది. వాకిలి ఊడ్చింది, ముగ్గు పెట్టింది, మేకను కట్టింది, రేడియో నోరు నొక్కింది. ఇంటికి పెద్దవాడొస్తే ఆమె మాత్రం బూదికోటలో చేసేది అదే కాదా? ఇంత చిన్న సంగతి తట్టలేదు. తట్టనందుకు తనను తాను గట్టిగా నాలుగు తిట్టుకుంది.

"విన్నావు గదా సార్," అంది. "ఈ వీధిని ఊడ్పించింది రేడియో. నువ్వు చూసే ముగ్గంతా రేడియో పెట్టిన ముగ్గే."

విజయేంద్ర తల అడ్డంగా ఊపాడు. "ఒక్క మనిషి మాట మీద నేను తేల్చలేను. ఈమె మీ మనిషి కాదని నాకెట్ల తెలుసు? మిమ్మల్ని అక్కా అంటా ఉంది."

"జిల్లా అంతా నన్ను అక్కా అనే అంటాది. రేడియోలో నా పేరే అది."

"ఆ పురుగుల ఇల్లు చూపించండి. నా చెవులతో నేను వింటాను."

అప్పటిదాకా దండాలు పెట్టిన సొన్నమ్మ సందుకు అడ్డంగా నిలబడింది. "లోపలికి వచ్చేదానికి లేదు సామీ. తప్పుగా అనుకోవద్దు. నువ్వు సెంటు కొట్టుకోనుండావు. నా పురుగు నాలుగో జ్వరం లేచి ఆకు మీద ఉండాది. బయటి గాలి తగిలితే పంట పోతాది."

పట్టుపురుగు చర్మం విడిచే దశను అక్కడ జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచాక పురుగు గూడు కట్టేదాకా, కలెక్టరు వచ్చినా గడప దాటనివ్వరు. మునివెంకటమ్మ ఇంట్లోనూ అంతే. విజయేంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సరే," అన్నాడు. "ఇంకో దారుంది. రేడియోలో నేను చెప్పమన్న మాట చెప్పించండి. లక్కూరు తోటల్లోకి ఏనుగులు దిగినాయని చెప్పండి. ఊరు తలుపులు వేసుకుంటే నమ్ముతాను. అప్పుడే సంతకం పెడతాను."

ఎంత సుళువు! పురుగుల ఇళ్ళల్లో రేడియోలు మోగుతూనే ఉన్నాయి. ఒక్క మాట చాలు, ఆడవాళ్ళు కేకలు వేస్తూ వీధిలోకి వస్తారు. పిల్లల్ని లోపలికి లాగుతారు. లక్కూరు గెలుస్తుంది, జిల్లా గెలుస్తుంది. సుప్రీత మునివెంకటమ్మ ముఖంలోకి చూస్తోంది.

"ఆ మాట పోదు సార్," అంది మునివెంకటమ్మ.

"ఒక్క నిమిషం పని. తర్వాత లేదని చెప్పేయండి."

"మా బూదికోట తోటల్లోకి నిజంగా ఏనుగులు వచ్చినాయి. మేము చెప్తే జనం కదిలినారు. ఎందుకు కదిలినారు? అంతకు ముందు మేము ఒగటి గూడా ఉత్తది చెప్పలేదు కాబట్టి. ఈ పొద్దు నీ సంతకం కోసం ఏనుగు అని చెప్తే, మళ్ళా ఏనుగు వచ్చిన పొద్దు తొక్కించుకునేది నువ్వు గాదు. నువ్వు బెంగళూరులో ఉంటావు."

"అయితే నేను విన్నది రాసుకుంటాను. విన్నది ఏమీ లేదు."

"రాసుకో. రాసుకునే ముందు నన్ను స్టేషను మేడ ఎక్కనీ. గాలిలో ఏం పంపినా మా ఇష్టమని నువ్వే చెప్పినావు."

ఆయన కాదనలేకపోయాడు. షరతు పెట్టినవాడు ఆయనే.

నెల రోజుల పరీక్ష కోసం రేడియో స్తంభం నిలబెట్టిన మేడ చిక్కవెంకటప్పది. ఊరికంతటికీ చాకి పురుగు, అంటే గుడ్డు పగిలి రెండు జ్వరాలు దాటిన పసిపురుగు, పెంచి అమ్మేవాడు ఆయనే. తెల్ల పంచె, భుజాన జరీ తువ్వాలు, ముంగిట్లో రెండు కార్లు. వీళ్ళను చూడగానే మెట్ల దాకా ఎదురొచ్చాడు. "రాండి సార్, రాండి. ఈ స్తంభానికి నా మేడే దొరికింది చూడండి. మా నాయన పుణ్యం," అన్నాడు. సొన్నమ్మ కూడా వెనకే వచ్చింది. ఆమెను మాత్రం ఆయన చూడలేదు.

మేడ మీద రేకుల గది. లోపల మైకు ముందు చైత్ర. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, వీధిలో ఒక్క చప్పుడు లేదక్కా. పైనుంచి వింటానే ఉండాను. ఎవురూ వినడం లేదు. నేనేం మాట్లాడాలో తెలీక పాట వేసినాను. మళ్ళా అదే వేసినాను."

"తెలుసు. పురుగుకు గూడా నోటికొచ్చిందంట. లెయ్," అంది మునివెంకటమ్మ.

కుర్చీలో కూర్చుంది. పాట తీసేసింది. గొంతు సవరించుకోలేదు.

"లక్కూరులో పురుగుల ఇళ్ళల్లో ఉండే అమ్మల్లారా, అక్కల్లారా. నేను బూదికోట మునివెంకటమ్మను. మీ ఊరి మేడ మీద కూర్చోని మాట్లాడతా ఉండాను. ముందు తప్పు ఒప్పుకుంటాను. మర్యాదగా ఉండండని చెప్పించింది నేనే. మీరు మర్యాదకు నడవలో రేడియో కట్టేసినారు. వచ్చిన పెద్దమనిషి, లక్కూరులో రేడియో వినేవాళ్ళే లేరని రాసుకోని పోతా ఉండాడు. ఆయన మజ్జిగ తాగేకి రాలేదమ్మా. రేడియో వినేకి వచ్చినాడు. మీ ఇంటి ముందర గది వాళ్ళకు నా మాట వినపడదు. వాళ్ళు కట్టేసుకోనుండారు. మీకే వినపడతాది. చేతిలో ఆకు కింద పెట్టండి. చెయ్యి కడుక్కోండి. ముందరికి పోయి, మీ మొగుడు అడ్డం వచ్చినా సరే, రేడియో తిప్పండి. గట్టిగా తిప్పండి."

ఆగింది. అందరూ మేడ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కింద వీధి అలాగే ఉంది. అరుగుల మీద మగవాళ్ళు అలాగే కూర్చుని ఉన్నారు. ఎవరో దగ్గారు. చైత్ర పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విజయేంద్ర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

వీధికి ఎడమ పక్క ఒక ఇంట్లోంచి మగగొంతు లేచింది. "ఏమే, యాడికే ఆ చేతులతో... పెద్దోళ్ళుండారు, కట్టెయ్యే..." ఆ మాట పూర్తి కాలేదు. దాని మీదుగా మునివెంకటమ్మ గొంతు వచ్చింది. "వినపడతా ఉందా అమ్మా?" అన్నది మేడ మీద. "వినపడతా ఉందా అమ్మా?" అన్నది వీధిలో.

ఆ పక్కిల్లు. ఎదురిల్లు. రామాంజినప్ప ఇల్లు. అక్కడ కోడలు రేడియో తెచ్చి ఏకంగా మామ పక్కన అరుగు మీదే పెట్టింది. ఆయన తలగుడ్డ చంకలోంచి జారిపోయింది. వెనక వీధి. ఆపైన గుడిసెలు. ఒక గొంతు పది ఇళ్ళల్లోంచి, పది ఇళ్ళు పోయి ఊరంతటిలోంచి వచ్చింది. కట్టేసిన మేకలు బెదిరి అరిచాయి. మునివెంకటమ్మ మైకులో ఊపిరి తీసుకుంటే ఊరంతా ఊపిరి తీసుకున్నట్టయింది.

"సార్, ఇంగ నువ్వు నడువు," అంది మైకులోనే. "వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి. ఒక్క మాట తప్పిపోయిందా, వచ్చి రాసుకో."

విజయేంద్ర మెట్లు దిగాడు. పక్కన సుప్రీత. మునివెంకటమ్మ మైకు తీగ లాగి, గోడ దగ్గర నిలబడి కిందికి చూస్తూ మాట్లాడింది.

"సార్ కదిలినాడమ్మా. నీలం చొక్కా, చేతిలో కళ్ళద్దాలు. ఇప్పుడు మునిశంకర్ అంగడి దాటినాడు. మునిశంకరా, సార్‌కు బీడీ అమ్మొద్దు, ఆఫీసు పనిలో ఉండాడు. వినపడతా ఉందా సార్? వినపడితే తలకాయ ఊపు."

అంగడి ముందు జనం ఘొల్లుమన్నారు. విజయేంద్ర తల ఊపాడు.

"ఊపినాడు. రామాంజినప్పన్నా, నీకు రేడియో లేదంటివే? నీ తొడ పక్కన వాగతా ఉండేది ఏంది మరి, పిల్లికూనా?"

రామాంజినప్ప రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కోడలు తలుపు చాటున పడి పడి నవ్వింది. వాకిళ్ళలోకి ఆడవాళ్ళు వచ్చారు, పచ్చటి చేతులతో. పిల్లలు ఆయన వెనకాల ఊరేగింపు కట్టారు. విజయేంద్ర నడిచాడు. ఒక ఇంటి గొంతు వెనక్కి తగ్గేలోపు ఇంకో ఇంటి గొంతు అందుకుంది. మధ్యలో సందు లేదు. ఒక్క మాట కింద పడలేదు.

వీధి చివర ఆగాడు. అక్కడినుంచి మల్బరీ తోటలు. అక్కడ కూడా గట్టు మీద ఎవరిదో రేడియో.

"చివరికి చేరినాడు," అంది మునివెంకటమ్మ. ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం కూడా ఊరంతా విన్నది. "ఒగ కాలంలో ఈ సారే నాకు చెప్పినాడమ్మా, నా గొంతు పొలంలో పిలిచేకే పనికొస్తాదని. మంచి మాట చెప్పినాడు. సార్, చూడు. నువ్వు నిలబడింది పొలమే. పిలస్తా ఉండాను. ఇంగ తిరిగి రా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వడం కంటే పెద్ద పని చేశారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఆ చప్పట్లు వీధి పొడుగునా ఆయనతోపాటే వెనక్కి నడిచొచ్చాయి.

మెట్లెక్కి వచ్చేసరికి విజయేంద్రకు ఆయాసం వచ్చింది. ఆమె ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ మాట నేనన్నానా?" అన్నాడు మెల్లగా. "గుర్తు లేదు."

"నాకుండాది."

"తప్పుగా అన్నాను."

ఆయన తప్పు ఒప్పుకున్నాడు కదా అని మునివెంకటమ్మ ముఖం మెత్తబడలేదు. "వినపడిందా, లేదా? అది చెప్పు చాలు."

"వినపడింది. మొదటి గడప నుంచి చివరి గట్టు దాకా." ఆయన సుప్రీత వైపు చూశాడు. ఆమె తల ఊపింది. "లక్కూరు నిలబడినట్టే. బూదికోట, మారికుప్పం, లక్కూరు. జిల్లా రేడియో మీది. ఈ సాయంత్రమే నా సంతకం పోతుంది."

చైత్ర గట్టిగా అరిచింది. సొన్నమ్మ ఆ పిల్లను పసరు చేతులతోనే వాటేసుకుంది. తెల్ల చుడిదారు వీపు మీద రెండు పచ్చటి అరచేతులు పడ్డాయి. మునివెంకటమ్మ మాత్రం గోడకు ఆనుకుని కింద వీధిని చూసింది. ఆమె నవ్వింది. ఎవరి కోసమూ కాదు.

"ఒకటి మిగిలింది," అన్నాడు విజయేంద్ర. "స్టేషను ఊరిదైనాక మొదటి మాట ఊరి మనిషే చెప్పాల. మీరు కాదు, చైత్ర కాదు. ఎవరు?"

చిక్కవెంకటప్ప తువ్వాలు సర్దుకుని ముందుకొచ్చాడు. "ఇంట్లో పెట్టుకున్నోణ్ణి, రెండు మాటలు చెప్పకపోతే బాగుండదు గదా," అన్నాడు.

"నువ్వు తర్వాత అన్నా," అంది మునివెంకటమ్మ. "వినేవాళ్ళుండారని మాకు మొదట చెప్పింది ఈమె. మొదటి మాట ఈమెదే. కూర్చో సొన్నమ్మా."

"నేనా? నాకేం వస్తాదక్కా?"

"ఇందాక సందులో నిలబడి నన్ను కడిగినావే, అది వస్తే చాలు."

సొన్నమ్మ కుర్చీ అంచున కూర్చుంది. మైకును దగ్గరికి లాక్కోలేదు, తనే దాని దగ్గరికి వంగింది. "అందురికీ దండాలు. నేను సొన్నమ్మను. మొదటి వీధి. వానొస్తాదో రాదో నాకు తెలీదు. అది చైత్ర చెప్తాది." కింద ఊరు నవ్వింది. ఆ నవ్వు పైకి వినపడింది. ఆమె వెన్ను నిటారు చేసుకుంది. "నేను చెప్పేది ఇంగొగటి ఉండాది. పోయిన పంటలో నా పురుగు ఉబ్బిపోయి, పాలమాదిరి కారి చచ్చిపోయింది. నాదొగటే కాదు. ఈ వీధిలో మీ ఇండ్లల్లో గూడా. మనకు ఆకు సరిపోలేదంటిరి, మనకు సుద్దం లేదంటిరి, మనం తలకాయ వంచుకోనుంటిమి. ఆ పురుగు మన ఇంటికి వచ్చేటప్పుడే రోగంతో వచ్చింది. తెలిసే అమ్మినారు. తెలుసని ఆ మనిషి నోటితోనే నేను విన్నాను."

మేడ మీద ఎవరూ కదల్లేదు. ఊళ్ళో చాకి పురుగు అమ్మేది ఒక్కడే. ఆయన మేడ మీదే అందరూ నిలబడి ఉన్నారు.

"ఆపు," అన్నాడు చిక్కవెంకటప్ప. సొన్నమ్మతో కాదు. మునివెంకటమ్మతో. "ఆపమ్మా దాన్ని. స్తంభం నాది, కరెంటు నాది. ఈ మేడ లేకపోతే నీకు లక్కూరు లేదు."

అబద్ధం కాదు. మునివెంకటమ్మ చెయ్యి మైకు మీట మీద ఉంది. విజయేంద్ర ఆ చేతినే చూస్తున్నాడు. సంతకం సాయంత్రం పోవాలి. సాయంత్రానికి స్తంభం ఉండాలి.

ఆమె మీట నొక్కి మైకు మూసింది. ఊరు ఒక్కసారిగా మూగబోయింది.

"సొన్నమ్మా, నిజమేనా?"

"నా పంట మీదొట్టు అక్కా. నేనే కాదు, మా ఎదురింటి సుమ గూడా పక్కనే ఉండి విన్నాది. పిలిపించు."

మునివెంకటమ్మ చిక్కవెంకటప్ప వైపు తిరిగింది. "అన్నా, ఆమె అయినాక నువ్వూ ఇదే కుర్చీలో కూర్చో. ఇదే మైకు. నువ్వేం చెప్పినా ఒక్క ముక్క కోయను. అంతకు మించి నేను చేసేది లేదు."

మీట పైకెత్తి చెయ్యి తీసేసింది.

"చెప్పు," అంది.

చిక్కవెంకటప్ప గదిలోంచి బయటికి నడిచాడు. మెట్ల పక్కన, గోడకు బిగించిన పెద్ద స్విచ్చి దగ్గర ఆగాడు. కింద వీధిలో రేడియోలన్నీ ఎదురుచూస్తున్నాయి. కొందరు ఆడవాళ్ళు అప్పుడే మేడ వైపు నడక మొదలెట్టారు.

"ఆయన పేరు..." అంది సొన్నమ్మ.

చిక్కవెంకటప్ప చెయ్యి స్విచ్చి మీద పడింది.